వానొస్తే కాలినొప్పి

ఐర్లండులో నేస్ నుంచి ములింగార్‌కు పాత రోడ్డు, జోరు వాన. డ్రైవింగ్ పరీక్షకి వెళ్తూ ఎల్ బోర్డు కారు విజయరాణి నడుపుతోంది. లైసెన్సున్న భర్త ఆమోసు పక్కన, అత్తగారు కమల వెనక సీట్లో.

"ఆ లారీకి అంత దగ్గరగా పోతావేం రాణీ? డ్రైవరు మనకేమైనా చుట్టమా?"

"దూరంగానే ఉన్నానండీ. ఇంకా దూరమంటే నేస్‌కి వెనక్కి వెళ్లిపోవాలి."

"వెళ్దువులే, పరీక్ష తప్పాక. రెండుసార్లు తప్పి వచ్చినదానివి, దారి తెలియనిదా?"

"ఈసారి తప్పితే ఉద్యోగం కూడా పోయినట్టే. ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లని చూసుకోవాలంటే కారు తోలాలి, లైసెన్సు లేకపోతే రావద్దన్నారు. మీకు నవ్వులాటగా ఉంది."

"నేను నవ్వానా? అదిగో, ముందు నీళ్లు నిలిచాయి. బండి నీళ్లమీద తేలితే బ్రేకు తొక్కకు. కాలు తీసేసి స్టీరింగు తిన్నగా పట్టుకో. ఒక్క క్షణం అది నీ మాట వినదు. అంతే, ఒక్క క్షణం."

"కళ్లకు కట్టినట్టు చెప్పారు. ఎక్కడ నేర్చుకున్నారు?"

"పుస్తకంలో చదివాను."

"ఏ పుస్తకంరా ఆమోసూ? చలికాలంలో నువ్వూ నేనూ చర్చి నుంచి వస్తుంటే..."

"అమ్మా, నువ్వు ప్రార్థన చేసుకో."

"చేసుకుంటూనే ఉన్నాను నాయనా. మధ్యలో మీరే మాట్లాడిస్తున్నారు."

"చర్చి నుంచి వస్తుంటే ఏమైంది అత్తయ్యా?"

"ఏమీ లేదమ్మా. వానొచ్చింది."

"ఈ దేశంలో అదో విశేషమా?"

"రోడ్డు చూడు రాణీ, రోడ్డు."

"చూద్దామనే ఉంది, అద్దం చూడనిస్తేగా. వైపరు తిరిగేకొద్దీ మసక. ఎదురుగా ఒక కారొస్తే నాకు నాలుగు కనపడుతున్నాయి."

"ఫ్యాను పెట్టు."

"పెట్టాను."

"ఏసీ?"

"అదీ పెట్టాను."

"అయితే నీ కళ్లే చూపించుకోవాలి."

"నాకు బాగానే కనపడుతోందమ్మా రాణీ."

"మీరు కళ్లు మూసుకుని ఉన్నారు అత్తయ్యా. ఏవండీ, ఎండ కాసిన రోజు నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వరు. చినుకు పడితే చాలు, ప్రాక్టీసు చెయ్యి రాణీ అంటారు. ఎందుకంటే కాలినొప్పి. ఈ ఊరి మబ్బులకీ మీ కాలికీ ఏం చుట్టరికమో."

"చెమ్మకి వస్తుంది. మన డాక్టరుకి చూపించాను. గ్రాండ్, ఏం ఫరవాలేదన్నాడు."

"ఇక్కడ అన్నీ గ్రాండే. రెండోసారి పరీక్షలో నన్ను తప్పించిన ఆయన కూడా గ్రాండ్ అంటూనే తప్పించాడు. ఇదిగో, పెట్రోలు బంకులో ఆపుతున్నాను."

"ఆపకు, ఆలస్యమవుతుంది."

"కనపడకపోతే బండి ఆపమని మీ పుస్తకంలో రాయలేదా? ఈ అద్దంతో వెళ్తే పరీక్షే పెట్టరు."

"సరే, ఆపావు. ఇప్పుడు దిగి వానని కూడా ఆపమంటావా?"

"దిగి అద్దం తుడుస్తాను... ఇదేంటండీ, చేతికింత జిడ్డు? వాసన చూడండి."

"వాన వాసన."

"వానకి ఆలివ్ నూనె వాసనా? అత్తయ్యా, పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన నూనె సీసా ఏదీ?"

"నా సంచీలోనే ఉంది. నేను స్టీరింగుకి ఒక్క బొట్టే రాశాను తల్లీ. పొద్దున ఆమోసు సీసా అడిగితే తలనొప్పేమో అనుకుని ఇచ్చాను. తిరిగొచ్చేసరికి సగమే ఉంది."

"ఏవండీ."

"ఊఁ."

"సగం సీసా అద్దానికి పూశారా?"

"అంతా అద్దానికే కాదు. టైర్లకి కూడా."

"బండి వానలో జారకూడదని టైర్లకి నూనె రాశారు."

"కొంచెమే. సిలువ గుర్తు వేశాను."

"నేను పరీక్ష తప్పాలని సాతాను కూడా ఇంత కష్టపడి ఉండడు. అత్తయ్య బొట్టు రాస్తే పొద్దున్నే మూఢనమ్మకమని సణిగింది ఎవరు?"

"షాపులో గిన్నెల సబ్బు ఉంటుంది. తెస్తానుండు."

"పరుగెత్తుతున్నారే. నొప్పి కాలు కదా, మెల్లగా."

"తెచ్చాను, జరుగు. నేను కడుగుతాను."

"వైపర్లు కూడా రుద్దండి. టైర్లు మరచిపోకండి... హమ్మయ్య, అద్దం ఉందన్న సంగతే తెలియడం లేదు. ఇక తాళాలు తీసుకోండి. ఊళ్లోదాకా మీరు తోలితే నేను కాస్త ఊపిరి తీసుకుంటాను."

"కాలు నొప్పిగా ఉంది."

"ఏ కాలు?"

"కుడికాలు."

"పొద్దున ఎడమకాలన్నారు."

"వాణ్ని అడక్కు తల్లీ. ఆ రోజు చర్చి నుంచి వస్తుంటే బండి నీళ్లమీద గిర్రున తిరిగి గోడకి వేలెడు దూరంలో ఆగింది. అప్పటినుంచీ వానలో స్టీరింగు పట్టుకుంటే వీడి చేతులు చల్లబడిపోతున్నాయి. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు."

"అమ్మా."

"నేను ప్రార్థన చేసుకుంటాను నాయనా."

"నిజమా అండీ? మరి రాణి పక్కన కూర్చోవాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలని చర్చిలో అందరికీ చెప్పి నవ్వించారు కదా?"

"చెప్పాను."

"మరి?"

"తాళాలు నీ దగ్గరే ఉంచుకో రాణీ. వానలో నువ్వు తోలితేనే నాకు భయం వెయ్యదు."