పదికి తొమ్మిది

స్థలం: ఓహాయో రాష్ట్రంలోని టొలీడో పట్టణం. కాలం: ఆగస్టు నెల మిట్టమధ్యాహ్నం. నత్తనడక నడుస్తున్న పాత కారే రథం. సారథ్యం వహిస్తున్నవాడు రెండు అద్దె ఇళ్ళకు ఏకచ్ఛత్రాధిపతి అయిన క్లేటన్. అతని పక్కన, రాత అట్టా పెన్సిలూ ధరించి, ఇళ్ళు కొని అమ్మే మహావిద్యలో ఓనమాలు దిద్దుకుంటున్నవాడు అతని అక్కమొగుడు లియో.

“గడ్డి?”

“మోకాలెత్తు.”

“ఎవరి మోకాలు బావా? శాస్త్రమన్నాక కొలతలుండాలి.”

“నా మోకాలు.”

“మంచిది. చూరు కింద తూము?”

“సరిగ్గానే ఉంది.”

“ఉత్తరాల పెట్టె?”

“ఎవరో రోజూ తీసుకుంటున్నట్టున్నారు. గుమ్మంలో పూలకుండీ కూడా ఉంది.”

“పూలకుండీయా! అయితే ఈ ఇంట్లో ఇంకా ఆశ చావలేదు. ఆశ ఉన్నవాళ్ళు చౌకగా అమ్మరు. ఇల్లెంత పాడుబడితే అన్ని మార్కులు. పదికి ఎన్ని?”

“మూడు.”

“రెండు చాలు. రాసుకో, పోదాం.”

“పొద్దున్నుంచి పదకొండిళ్ళు చూశాం క్లేటన్. ఒక్క తలుపూ కొట్టలేదు.”

“చక్రవర్తులంతటివాళ్ళు కూడా ముందు వేగుల్ని పంపాకే దండయాత్రకి బయల్దేరేవారు. ప్రస్తుతం మనం వేగులం.”

“నాకివాళ ఒక్క సంతకం కావాలి. ఎవరో ఒకరు ఇల్లమ్ముతానని చేసే సంతకం. మీ అక్కతో చెప్పాను కూడా, సాయంత్రానికి కాగితం తెస్తానని.”

“చెప్పావా? ఎప్పుడు?”

“చెప్పానంటే… ఫ్రిజ్ మీద చీటీ అంటించాను.”

“చీటీ.”

“తను నిద్రపోతోంది.”

“ఊఁ.”

“నేను పనిచేసిన గాజు ఫ్యాక్టరీ మూసేసి ఎనిమిది నెలలు. ఒక్క కాగితం, సంతకంతో, మీ అక్క ముందు పెట్టానంటే అన్నీ సర్దుకుంటాయి.”

“కాగితంతోనే సర్దుకుంటాయంటావు.”

“ఇంకేం కావాలి?”

“ఏం లేదు. రోడ్డు చూసుకోనీ.”

“నువ్వేమన్నా దాస్తున్నావా?”

“పాఠం అప్పజెప్పు బావా. మన విద్యకి ద్వారాలెన్ని?”

“మూడు. చావు, విడాకులు, కట్టని ఇంటిపన్ను.”

“భేష్. ఆ మూడింట్లో ఏదో ఒకటి తెరుచుకుంటే తప్ప మనిషి ఇల్లొదలడు. కోర్టులో పడ్డ కేసుల జాబితా నేను తెచ్చుకునేది అందుకే. సరే, తలుపు తీశారు. మొదటి ప్రశ్న?”

“‘ఇల్లమ్ముతారా?’”

“చంపావు. ఎన్నిసార్లు చెప్పాలి? ఇంటి మాటే ఎత్తకూడదు. ‘ఎలా ఉన్నారు?’ అంతే. అడిగి, జవాబు మొత్తం వచ్చేదాకా నోరు మూసుకుని నిలబడాలి.”

“ఎంతసేపు?”

“వచ్చేదాకా.”

“నోరు మూసుకుని నిలబడటం నాకు బాగానే వచ్చు.”

“నోరు మూసుకోవడం వేరు బావా, వినడం వేరు. ముందు అక్కని అడిగి సాధన చెయ్యమన్నానుగా. చేశావా?”

“ఆస్పత్రిలో తన డ్యూటీలు మారాయి.”

“ఎప్పుడు?”

“ఏప్రిల్‌లో అనుకుంటా.”

“ఇప్పుడు ఆగస్టు.”

“అడుగుతాలే. ఇటెందుకు తిప్పుతున్నావు? ఇది మా పేటేగా?”

“మీ పేటే. మీ పేటలో మనుషులకి కష్టాలుండవా?”

“ఉంటాయి. కానీ ఇది చెత్తబండి వెళ్ళే సందు. ఇన్నేళ్ళలో నేనే ఎప్పుడూ రాలేదు.”

“వీధివైపు ప్రతి ఇల్లూ పౌడరు రాసుకునే కూర్చుంటుంది. నిజం చెప్పేది పెరడే. ఇదుగో, ఇక్కడ ఆపుతున్నా. కంచె విరిగిందే, ఆ ఇల్లు. చెప్పు.”

“గడ్డి నడుమెత్తు.”

“తూము?”

“ఒక చివర ఊడి వేలాడుతోంది. వెనక మెట్టు ఒకటి లేదు. టమాటా మొక్కలకి కట్టిన తీగలున్నాయి. మొక్కల్లేవు.”

“ఇంకా?”

“గడ్డికోసే మిషను పెరడు మధ్యలో వదిలేశారు. ఒక్క వరస కోసినట్టుంది, అంతే. చక్రాలు కనపడటంలేదు, గడ్డి వాటి చుట్టూ ఎదిగిపోయింది.”

“మార్కులు?”

“తొమ్మిది.”

“ఇవాళ్టికి ఇదే ఎక్కువ. పదెందుకు కాదు?”

“పైకప్పు ఇంకా నిలబడే ఉంది.”

“మనుషులున్నారా, ఖాళీయా?”

“ఖాళీ.”

“ఖాయమేనా?”

“మనుషులుంటే ఇలా ఎందుకుంటుంది? రాసేశాను. ఖాళీ.”

“ఏ ద్వారమంటావు?”

“మొదటిది. కోస్తూ కోస్తూ పోయుంటాడు. గుండె ఆగి. లేకపోతే ఎవడైనా వరస మధ్యలో వదిలేస్తాడా?”

“పోలేదు బావా. రెండోది. మంగళవారం కోర్టులో విడాకుల కాగితం పడింది.”

“ఓహో. మంచి బేరమేనా?”

“మిషను పిడికి ఏం చుట్టుందో చూడు.”

“పసుపు టేపు.”

“ఎక్కడ దొరుకుతుంది అలాంటిది?”

“బయట దొరకదు. గాజు పెట్టెలకి చుట్టేది. ఫ్యాక్టరీలోనే…”

“బావా.”

“నేనే చుట్టాను.”

“అవును.”

“మే నెలలో. పిడి ఊడిపోతుంటే. కోస్తుంటే ఎందుకో లోపలికెళ్ళి కూర్చోవాలనిపించింది.”

“అక్క చెప్పింది.”

“మంగళవారమా?”

“మంగళవారం. నీకు చెప్పే పని నామీద పెట్టింది. రెండ్రోజుల్నుంచి నోరు రాలేదు. ఊరందరి తలుపులూ కొట్టడం నేర్పేవాణ్ణి, ఇది ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.”

“తనే ఒక చీటీ రాయొచ్చుగా.”

“రాసిందట. ఫ్రిజ్ మీదే అంటించింది. దాని మీదే నీ చీటీ అంటించినట్టున్నావు.”

“అయితే ఇంట్లో సంతకమైన కాగితం ఒకటి ఇప్పటికే ఉందన్నమాట.”

“బావా, ఆ పెన్సిలు పక్కన పెట్టు.”

“దిద్దాలి. తప్పు రాశాను. ఖాళీ అని రాశాను.”

“అక్క లోపలే ఉంది. ఇందాకట్నుంచీ వంటింటి కిటికీలోంచి మనల్నే చూస్తోంది.”

“క్లేటన్.”

“ఊఁ.”

“తలుపు తీయగానే మొదటి ప్రశ్న ఏమిటన్నావు?”