కాళ్ళు రెండు కదా

(నార్వేలో కొండమీద ఒక చెక్క ఇల్లు. ఈస్టర్ ముందురోజు ఉదయం. వంటింట్లో తల్లి గున్‌వోర్, సెలవులకు వచ్చిన కూతురు ఇంగెలిన్.)

"చీజ్ చెక్కే గరిటె ఏదమ్మా? సొరుగులన్నీ వెతికాను."

"కత్తితో కోసుకో."

"బ్రౌన్ చీజ్‌ని కత్తితోనా? ఇటుకముక్కల్లా వస్తాయి. అమ్మమ్మ చూస్తే ఇంట్లోంచి గెంటేసేది."

"అమ్మమ్మ లేదుగా. తిను."

"అమ్మా, గరిటె ఏది?"

"వాకిట్లో ఉంది."

"వాకిట్లోనా? మంచులో గరిటెకేం పని?"

"దాని పని అది చేస్తోంది. కాఫీ పొయ్యనా?"

"మాట మార్చకు. తలుపు తీస్తున్నాను... ఇవేంటి? మంచు మీద జారే ఈ స్కీలు నీవి కదూ! చలికాలం ముందే బడి బ్యాండు పిల్లల పాతసామాన్ల సంతకి ఇచ్చేశాను కదా వీటిని!"

"ఇచ్చావు. నేనింకా ఆసుపత్రి మంచం మీదుండగానే ఇచ్చావు, ఒక్క మాటైనా అడక్కుండా. పక్కింటి బోర్గిల్డ్ కొని దాచింది."

"వీటిమీద ఈ రేకు... అయ్యో! గరిటె తల కోసేశావా? రెండు స్కీలకీ ఉందే! మనకున్నది ఒక్క గరిటేగా?"

"కాళ్ళు రెండు కదా నాకు. రెండోది బోర్గిల్డ్‌ది."

"ఆవిడిచ్చిందా?"

"ఇచ్చింది. వాళ్ళాయన ఇంకా వెతుకుతున్నాడు."

"నవ్వకు, ఒళ్ళు మండుతోంది. పక్షవాతం వచ్చినప్పట్నించీ ఎడమ చెయ్యి నీ మాట వినదు. ఒంటిచేత్తో రేకు ఎలా కోశావసలు?"

"రేకు పట్టుకున్నది బోర్గిల్డ్. రంపం పట్టింది నేను. ముందు కేకు గరిటె కోశాం, అది పుటుక్కున విరిగింది. ఇదైతే బూటు ముక్కు తగిలితే స్ప్రింగులా వంగుతుంది, మళ్ళీ లేచి పట్టుకుంటుంది."

"ఇద్దరికిద్దరూ దొరికారు! అమ్మా, బూటుని స్కీకి బిగించే, వంగక్కర్లేని క్లిప్పులు దుకాణంలో దొరుకుతాయి. కాలు పెడితే టక్కున పట్టుకుంటాయి."

"పట్టుకుంటాయి, ఎవరు కాదన్నారు? పట్టుకున్నాక వదలవే! వదిలించాలంటే స్కీ కర్ర మొనని క్లిప్పు మీది గోరంత గుంటలో గుచ్చాలి. ఒంటిచేత్తో, కళ్ళు తిరుగుతుంటే, సూదిలో దారం ఎక్కించినట్టు. గుంట తప్పిందా, వంగి వేలితో నొక్కాలి. వంగానా, మంచులో బోర్లా పడతాను. నా గరిటె చూడు, అరచెయ్యంత ఉంది. గుడ్డిదానిలా ఎక్కడ తట్టినా వదులుతుంది."

"నడుస్తుండగా వదిలేస్తే?"

"వదలదు."

"నీకెలా తెలుసు?"

"...తెలుసు."

"తెలుసట! ఇదంతా ఎందుకమ్మా? ఈస్టర్ షికారుకి మంచు మీద లాగే బండి తెచ్చాను కదా. హాయిగా కూర్చో, నేను లాక్కెళతాను."

"చూశాను నీ బండి. రెయిన్‌డీర్ తోలు పరిచావు, దుప్పటి మడతపెట్టావు. పాలసీసా ఒక్కటే తక్కువ."

"నన్ను అందులోనే తిప్పావుగా?"

"తిప్పాను. నోట్లో వేలేసుకుని నిద్రపోయేదానివి. నా నోట్లో వేలుందా?"

"ఈ ఒక్క ఏడాదే."

"ఈ ఏడాది బండిలో కూర్చుంటే వచ్చే ఏడాది కుర్చీలో కూర్చోబెడతావు. ఊరంతా ఎండలో గోడకానుకుని కమలాలు ఒలుచుకుంటుంటే, వాళ్ళ ముందునుంచి మూటలా పోవాలా నేను? ససేమిరా పోను."

"మూటేంటమ్మా, ఎవరేమనుకుంటారు?"

"ఎవరూ ఏమీ అనుకోరు. 'పాపం' అంటారు. అదే నాకు వద్దు."

"సరే, నీ మొండితనం నీది. ఇక్కడే, నా ముందే, నువ్వొక్కదానివే కాలు పెట్టి, మళ్ళీ తీసి చూపించు. కుదరకపోతే నోరెత్తకుండా బండెక్కాలి. ఒప్పుకుంటావా?"

"బూట్లు ఇటియ్యి."

"ఇదిగో... ఇవి తడిగా ఉన్నాయేంటి?"

"తుడిచాను."

"లోపల కూడానా?"

"శుభ్రంగా తుడుస్తాను నేను. నీలాగా కాదు. తప్పుకో."

"మెట్టు జాగ్రత్త! జారుతుంది, మోచెయ్యి పట్టుకోనీ—"

"వదులు."

"పడిపోతావమ్మా!"

"ఇదిగో, కాలు పక్కకి పడింది! నువ్వలా గుంజుతుంటే ఎక్కడ పెట్టను?"

"చూశావా! బూటు లోపల పడలేదు! గరిటె పట్టుకోలేదు! బండి తెస్తున్నా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకో. ఊఁ, పెట్టు. నోరు కూడా."

"పెట్టాను."

"ఇప్పుడు చూడు. బూటు అడుగు మంచు ఇలా దులిపి... ముక్కు లోపలికి... విన్నావా?"

"...టక్ మంది."

"రెండోది."

"టక్. సరే, పట్టుకుంది. తియ్యడం?"

"కర్రతో తట్టాను. ఒకటి ఊడింది. రెండోదాన్ని ఊడిన కాలితో తొక్కాను. వంగానా?"

"లేదు."

"గుంట వెతికానా?"

"లేదమ్మా, లేదు. కోర్టులో అడిగినట్టు అడక్కు."

"బండి లోపల పెట్టెయ్. దుప్పటి బీరువాలో పెట్టు."

"ఆగాగు. వాకిట్లో నిలబడటం వేరు. స్కీల అడుగున ఏ మైనం రాయాలో కూడా చూడలేదు, మంచు ఎలా ఉందో ఏమో."

"పైన గట్టిగానే ఉంది. నీలం మైనం చాలు."

"నీకెలా తెలుసు?"

"కిటికీలోంచి కనబడటంలా?"

"కిటికీలోంచి మంచు గట్టిదనం కనబడుతుందా! ఏమోలే. నా కుడిచేతి తొడుగు చూశావా? నిన్న ఆ పైన రాళ్ళగుట్ట మీద కాఫీ తాగుతూ తీశాను, అక్కడే మర్చిపోయినట్టున్నాను."

"పోయిన తొడుగు ఎక్కడికీ పోదు ఇక్కడ. చూసినవాళ్ళు ఏదో కొమ్మకి తొడిగి మంచులో పాతి వెళతారు."

"అవుననుకో, వెళ్ళి తెచ్చుకుంటాను. చూడమ్మా, కోప్పడకుండా విను. స్కీల మీదే రా, కాదనను. కానీ నా వెనకే రావాలి, దారి మొదట్లో ఉన్న గడ్డి కొట్టం దాకానే."

"కొట్టం దాకా?"

"అంతే. రాళ్ళగుట్ట మాటెత్తకు. ఎంత మంచి క్లిప్పైనా ఆ ఎత్తు ఈ జన్మలో నీ వల్ల కాదు."

"అంతేనంటావా?"

"అంతే. మాటివ్వు."

"చెయ్యి చాపు, ఇస్తాను. అది కాదు, కుడిచెయ్యి. ఇదిగో నీ తొడుగు. నువ్వు పడుకుని లేచేలోపే తెచ్చాను, దాన్ని తొడిగిన కొమ్మ మాత్రం గుట్టమీదే వదిలేశాను."