ఇప్పచెట్టు కింద అంటువెట్టిన చెయ్యి

"అమ్మమ్మా, ఆ గుట్ట మీది చెట్లన్నీ చిన్నతాతే పెట్టిండా?"

అవ్, మా తమ్ముడే. అన్నీ అంటే అన్నీ గాదు, చెప్త కూసో. ఆ గుట్ట మా నాయినది. రోడ్డు ఏసెటప్పుడు మొరం కోసమని తవ్వుకపోయిండ్రు. గుంతలు వడ్డది, మేకకు గూడ గడ్డి లేకుండె. తమ్ముడు తల్లాడల బడిపంతులు గదా, కవితలు రాస్తుండె. రిటైరైనంక ఆ గుంతలల్ల మొక్కలు పెడ్తనన్నడు. ఊరోళ్ళు నవ్విండ్రు. నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు. మూడేండ్లు కావడితోని నీళ్ళు మోసిండు. నేరేడు, ఉసిరి, తునికి... ఇంకేందది, ఆఁ, మద్ది. నడుమెత్తు అయినయ్.

గుట్ట కింద మాదొక ఇప్పచెట్టుండె. పువ్వు రాలేముందు చెట్టుకింది ఎండాకుకు అగ్గి అంటువెడ్తం మేము. మా అమ్మ గట్లనే చేసింది, మా అత్త గట్లనే. నేల సాపయితే పువ్వు ఏరుకోవచ్చు. అప్పట్ల మానెడు పువ్వుకు మానెడు ఉప్పు పోసెటోడు షావుకారు, ఇప్పుడెవడు పోస్తడు. ఆ ఏడు గూడ అంటువెట్టిన. గాలి తిరిగింది. పచ్చికొమ్మ ఇరిచి కొట్టిన, ఆగలే. జరసేపట్ల గుట్టంత బూడిదయింది.

ఎవ్వరికి చెప్పలే. మేకలు కాసెటోళ్ళ పనే అన్నరు అందరు. నేను ఊఁ అనలే, ఉహుఁ అనలే.

తమ్మునికొక అలవాటు. ఏది రాసినా ముందుగాల నాకే చదివి వినిపిస్తడు. నాకు అక్షరం ముక్క రాదు, అయినా నాకే. నాలుగు రోజులకు కాయితం పట్టుకొని వచ్చి అరుగు మీద కూసున్నడు. అంటువెట్టినోళ్ళకు శాపం వెట్టిండు అండ్ల. ఆ చెయ్యి నాటింది మొలవొద్దు, మొలిచినా కాయొద్దు అని. మంచిగనే రాసిండు. చదివి, ఎట్లున్నదక్కా అన్నడు.

"ఆ చెయ్యి నాదే తమ్ముడూ" అన్న.

కాయితం మడిచి జేబుల పెట్టుకొని ఎల్లిపోయిండు. రెండు నెలలు మా గడప తొక్కలే. దారిల ఎదురైతే మొకం తిప్పుకున్నడు. నాకు అన్నం సయించలే బిడ్డా.

మిర్గం కార్తె వానలు వడ్డంక ఒకనాడు పొద్దుగాల వచ్చి వాకిట్ల నిలవడ్డడు. గడ్డపార ఉన్నదా అన్నడు. తీసుకొని ఎనుకనే పోయిన. ఇద్దరం గుట్ట ఎక్కినం. ఆయనే గుంత తీసిండు, నేరేడు మొక్క నా చేతుల పెట్టిండు.

"నువ్వే పెట్టక్కా" అన్నడు.

పెట్టిన. ఆ కవిత మల్ల ఏ మీటింగుల చదవలేదంట. నేనడగలే, ఆయన చెప్పలే. మొన్న నువ్వు నాలుకంత నీలంగ చేసుకొని వచ్చినవ్ గదా, ఆ చెట్టు కాయలే అవి... ఇగ పో, జల్దీ పోయి ఇంకిన్ని ఏరుకొని తిను. నీ చెయ్యి సల్లగుండాలె బిడ్డా.