ఫూల్‌సింగ్ అప్పీలు

అప్పీలంటె యాదికొచ్చింది సందీపూ, తండా ఫూల్‌సింగ్ ముచ్చట ఇన్నవా? లా సదువుతున్నవ్ గని, గిది నీ పుస్తకాలల్ల ఉండది. వడ్ల సీజన్ల మిర్యాలగూడ మిల్లుల కాడ ట్రాక్టర్లు లైను కడ్తయి కద, ముందు పోయినోనికి ముందు కాంటా. గా తొందరల ఫూల్‌సింగ్ ట్రాక్టర్ తోలుకపోతు, మన నిడమనూరు మలుపు కాడ లారీని దాటబోయి, పక్కపొంటి నడుస్తున్న ఈదమ్మను గుద్దిండు. కాలిరిగింది. మొగడు లేని మనిషి, ఉన్నది జరంత పొలం. ఇగ పంచాయితీ పెట్టినం. మీ తాత వెంకటేశ్వర్లు కూడ ఉన్నడు, నిద్రవోయినంత సేపు బాగనే ఉన్నడు. 'ఆమె కాలు సక్కగయ్యేదాక ఆమె పొలం ఫూల్‌సింగే దున్నాలె' అన్నం. ఇద్దరూ సరేనన్నరు. కోర్టు మనల్ని అడగలేదాయె, ఆర్నెల్లు జైలేసింది. పెద్దకోర్టుల అప్పీలేసి బెయిల్ మీదొచ్చిండు. రోడ్డు మీద బండి తోలొద్దని షరతు.

ఈదమ్మకు ఫికరు పట్టింది. 'ఈడు లోపలికి పోతె నా పొలం జడ్జి దున్నుతడా?' అని కోర్టుల తనే మాట్లాడతనన్నది. వకీలు సంబురపడ్డడు, దెబ్బ తిన్నామెనే ఇడిచిపెట్టమంటున్నదని. జడ్జి మర్యాదగ, 'కాలు బాగలేదు కదమ్మా, ఎట్లొచ్చినవ్?' అన్నడు. 'గీ తమ్ముడే ట్రాక్టర్ మీద తెచ్చిండయ్యా. యాళ్లయితదని బస్సును గూడ దాటిండు. శాన మంచోడు.' వకీలు కాయితాలు సర్దుకున్నడు. జడ్జి ఫూల్‌సింగ్ దిక్కు సూసిండు. గాయిన చేతులు కట్టుకోని, 'రెండు బస్సులయ్యా' అన్నడు.

అప్పీలు ఖతం. జైలుకు పోయిండు. గా పంటకారు ఆయన భార్య భూలి దున్నింది. బయటికొచ్చినంక మల్ల ఫూల్‌సింగే దున్నుడు. ఈదమ్మ కాలు ఎప్పుడో అతికింది గని, ట్రాక్టర్ సప్పుడు ఇంటె సాలు, కుంటేది. 'ఇంక సక్కగ కాలేదు తమ్మీ' అనేది. గాయినకు తెల్వదా అంటవా? ఓపాలి ఆమె ఉరికి బస్సెక్కంగ సూసి, ఎనక్కి తిరిగి బీడీ ముట్టిచ్చుకున్నడు. గా ఏడాది కూడ దున్నిండు. గట్ల ఏండ్లు గడిచినయ్.

ఫూల్‌సింగ్ సచ్చిపోయిన పొద్దు మేమందరం తండాలనే ఉన్నం. ఈదమ్మొచ్చింది. ఊరి నుంచి నడుసుకుంటనే. చేతుల కట్టె లేదు, కుంటుడు లేదు. అందరం సూసినం.

చాయ్ తాగు, సల్లారుతది.