కాజాలు కుట్టే చెయ్యి

హలో… ఆ, నేనే. నీ అక్కనే, నా ఫోను ఇంకెవరు ఎత్తుతారు?… ఆగరా, నువ్వు మొదలుపెట్టేముందు నా మాటొకటి… వినవు. ఎప్పుడు విన్నావు గనక. సరే, కానియ్.

…ఎవరు, నీ కొట్లో కాజాలు కుట్టే ఆవిడా?… వెనకగది కిటికీ అద్దం పగలగొట్టిందా. అయ్యో పాపం, అద్దం.

…నోటీసు పంపాలా? నేనా? దేనికి, కిటికీలోంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నందుకా?… మరి తలుపుండగా కిటికీలోంచి ఎందుకు దూకిందో… ఆఁ. తాళం. ఎవరు వేశారు?… గట్టిగా చెప్పు, నీకు నోరు లేదని ఎవరూ అనరు… నువ్వే.

…ఎవరో కుట్టమని ఇచ్చిన పట్టుగుడ్డ కనపడలేదు. అందుకని ఒప్పుకునేదాకా గదిలో పెట్టి తాళమేశావు. భలే. దర్జీకొట్టు పెట్టావనుకున్నా, ఠాణా పెట్టావన్నమాట.

…"కాసేపే కదా" ఏంట్రా? వెళ్తానన్న మనిషిని వెళ్లనివ్వకుండా తాళం వెయ్యడమే తప్పు. ఎంతసేపన్నది తర్వాతి మాట.

…ఒంటిమీద చెయ్యి వెయ్యలేదా? మరి ఆవిడ చేతిలో ఫోను?… లాక్కున్నావు. చేతిలోది గుంజుకున్నా చెయ్యి వేసినట్టే. నీ పెద్దరికం తగలెయ్య.

…నువ్వు దూకమనలేదు, నిజమే. బడి వదిలే వేళ. గేటు దగ్గర కూతురు ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఫోను నీ జేబులో, తాళంచెవి నీ జేబులో. ఏ తల్లి చేతులు ముడుచుకుని కూర్చుంటుందిరా?

…అవును, కుడిచెయ్యే. మణికట్టు. మళ్లీ సూది పట్టుకోగలదో లేదో డాక్టరే చెప్పలేకపోతున్నాడట… నాకెలా తెలుసా? చెప్తాగా. ముందు ఆ పట్టుగుడ్డ సంగతేంటి?

…దొరికిందా. ఎక్కడ?… ఇస్త్రీబల్ల మీద, దుప్పటి కింద. ఎవరు పెట్టారక్కడ?… మడతలు పోవాలని నువ్వే పరిచి, పైన దుప్పటి కప్పి, మర్చిపోయావు. ఆహా.

…అందరి ముందూ దొంగ అన్నావు కదా. దొరికిందని వాళ్లకి చెప్పావా?… పరువు పోతుందా. ఉందా అది నీకు?

…"మనింటి వకీలువి నువ్వుండగా" అంటావా. కోర్టుకొస్తాలేరా, ఎందుకు రాను… నీ పక్కన కాదు.

…పొద్దున్నే వచ్చింది నా ఆఫీసుకి. వకాల్తా మీద సంతకం పెట్టమంటే కలం ఎడంచేత్తో పట్టుకుంది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నా వంక చూసి సిగ్గుపడిందిరా. సిగ్గుపడాల్సింది ఆవిడట.

…అందుకే మొదట్లోనే ఆగమన్నా. ఇవన్నీ పొద్దున ఆవిడ చెప్పినవే, నువ్వు కొత్తగా చెప్పింది ఆ దుప్పటి ఒక్కటే. ఇంక నోరు మూసుకుని వేరే వకీలుని చూసుకో.

…అమ్మకి చెప్తావా? చెప్పు. తాళం సంగతి కూడా చెప్పు… అక్కనే. కాదన్నానా?

…ఏడుస్తున్నావా? ఎవరికోసం, ఆవిడ చేతికోసమా, నీకోసమా?

…అనుకున్నా. పెట్టెయ్.