ఖాళీ వీధిలో బేరం

అచ్యుతాపురంలో ఇంటర్వ్యూలో నెగ్గలేక, అనకాపల్లిలో బస్సు దిగీదిగగానే ఆమె తను చదివిన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కింది.

“ఏటమ్మా, ఉద్యోగం వచ్చిందా?” అన్నాడు సార్.

“డేటాలోంచి కావల్సిన పేర్లు అడిగే క్వెరీ రాయమన్నారు సార్. నోట్‌ప్యాడ్‌లో రాసేను. రాసి, దీన్ని దిద్దడానికి ఎవరొత్తారండీ అని అడిగేను. అందరూ నవ్వేరు.”

“నోట్‌ప్యాడ్‌లో ఎందుకు రాసేవు?”

“ఆరు నెల్లూ మీరు రాయించింది అందులోనే కదా! మీరే సూసి టిక్కు పెట్టేవోరు.”

“క్వెరీ తప్పా?”

“ఒక్క తప్పూ లేదంట. డేటాబేస్ తెరిచి అందులో నడుపు అన్నారు. దాన్ని నడిపే డీబీఎంఎస్ సాఫ్ట్‌వేర్ మీ సిస్టంలో ఎక్కించి ఉంటే కదా, నాను సూడ్డానికి! సర్టిఫికెట్ మీద మాత్రం డీబీఎంఎస్ అని రాసేరు.”

“క్వెరీలు రాసే భాష, ఎస్‌క్యూఎల్ వస్తే అదీ వచ్చినట్టేనమ్మా. రెండూ ఒకటే.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“ఒకటెలాగవుతాది సార్? మా అమ్మ రోజూ మీ వీధికి సేపల బుట్ట తెత్తాది. వంజరం ఉందా అని మీ ఆవిడ అడుగుతాది. బుట్టలో ఎతికి తీసిచ్చేది మా అమ్మ. అమ్మ రాని రోజు మీ ఆవిడ ఎంత బాగా అడిగితే మాత్రం గిన్నెలో సేప పడతాదా?”

ఆమె సర్టిఫికెట్ తీసి సార్ బల్ల మీద పెట్టింది.

“మమ్మల్ని ఆరు నెల్లూ బుట్ట రాని ఆ ఖాళీ వీధిలోనే నిలబెట్టి అడిగించేరు సార్.”