మిస్ వెర్లీన్ ఫోటో కింద నేను రాసిన మాటలు

నా పేరు మారెన్ టాలివర్. వయసు ఇరవై. అలబామాలోని హార్లన్ ఫెర్రీలో కాలేజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మొన్న ఆగస్టు 14 వరకు మా సొరారిటీ ఇంట్లో ఉండేదాన్ని. అది అమ్మాయిల సంఘం. అరవై మందిమి ఒకే ఇంట్లో ఉంటూ ఒకరినొకరు అక్కచెల్లెళ్లమని చెప్పుకుంటాం.

వెర్లీన్ ప్రూయిట్ ఇరవై రెండేళ్లుగా ఆ ఇంటి వంటమనిషి. అందరం మిస్ వెర్లీన్ అంటాం. నాకు వేరుశనగ పడదని నా బిస్కెట్లు వేరే పళ్లెంలో పెట్టేది.

ఆగస్టు 8, గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు వంటింట్లోకి వెళ్తే గ్యాస్ వాసన వచ్చింది.

"రెండు వారాల నుంచీ ఇంతే తల్లీ. మేనేజరుకు మూడుసార్లు చెప్పా. కిటికీ తీసుకుని వండుకో అంటాడు" అంది మిస్ వెర్లీన్.

ఇద్దరం కలిసి ఫోటో తీసుకున్నాం. నా చొక్కా మీద సంఘం పేరు తెలిపే గ్రీకు అక్షరాలున్నాయి. 2.20కి దాన్ని సోషల్ మీడియాలో నా సొంత ఖాతాలో పెట్టాను. "మా మిస్ వెర్లీన్ రెండు వారాలుగా గ్యాస్ వాసనలో వండుతోంది. ఎవరైనా వచ్చి చూడండి" అని కింద రాశాను.

2.40కి సటన్ ఆల్డ్రిడ్జ్ నా గదికి వచ్చింది. మా పోస్టుల మీద కన్నేసి ఉంచడం సంఘంలో ఆమె పని.

"ఏంటే ఇది? ఎల్లుండి నుంచి సంఘంలో చేరబోయే కొత్త అమ్మాయిలు ఇల్లు చూడ్డానికొస్తున్నారు!"

"అది నా ఖాతా, సటన్."

"ఆ అక్షరాలు నీవా? అవి వేసుకుని నువ్వు నోరు తెరిస్తే మా అందరి నోరూ తెరిచినట్టే. మన ఇల్లు కంపు కొడుతోందని ఊరంతా చాటుతావా?"

"అయితే బాగు చేయించండి."

"చేయిస్తాం, ఈ వారం గడవనీ. ముందది తీసెయ్. లేకపోతే సోమవారం కమిటీ ముందు కూర్చుంటావు. ఆ తర్వాత గది వెతుక్కుందువుగాని."

2.51కి తీసేశాను. అప్పటికి నలభై ఒక్క మంది చూశారు. సటన్ నన్ను కౌగలించుకుంది.

మర్నాడు భోజనాల దగ్గర మిస్ వెర్లీన్ అడిగింది. "అది చూసి ఎవరన్నా వస్తారంటావా తల్లీ?"

"చూద్దాం" అన్నాను. తీసేశానని చెప్పలేదు. ఆ తర్వాత వంటింటి వైపు వెళ్లలేదు.

ఆగస్టు 14, బుధవారం ఉదయం 6.10కి వంటింట్లో పేలుడు జరిగింది. మిస్ వెర్లీన్‌ను వెనక తలుపు గుండా బయటికి తెచ్చారు. చేతులు, మెడ కాలిపోయాయి. ఒక కాలికి చెప్పు లేదు. "పొయ్యి కట్టేశాను, నేను కట్టేశాను" అంటూనే ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

అదే రోజు పదకొండింటికి సంఘం ఖాతాలో ఆమె ఫోటో వచ్చింది. అది నేను తీసిందే. నన్ను కత్తిరించేశారు. కింద "మా ప్రియమైన మిస్ వెర్లీన్ కోసం ప్రార్థించండి" అని ఉంది. "గ్యాస్ సంగతి మీకు ఆగస్టు 8నే తెలుసు" అని దాని కింద రాశాను. నాలుగు నిమిషాల్లో తీసేశారు.

సటన్ ఫోన్ చేసింది. "అక్కచెల్లెళ్లను బజారుకీడుస్తావా? సిగ్గులేదే నీకు?"

సాయంత్రం ఐదింటికి నన్ను సంఘం నుంచి వెలివేయాలని చేతులెత్తారు. యాభై ఎనిమిది చేతులు. నా గదిలో ఉండే అమ్మాయి చెయ్యి కూడా లేచింది.

నా వాంగ్మూలం రాసుకుంటున్న సార్జెంట్ మెక్‌గీ గారు ఈ కాగితం మీద మొదట "ఒత్తిడి వల్ల పోస్టు తొలగించాను" అని రాశారు. ఆ మాట కొట్టేయమని అడిగాను. నా ఫోన్ ఎవరూ లాక్కోలేదు. నా వేలితో నేనే తీశాను. అది తీసేసిన రోజు సాయంత్రం కొత్త అమ్మాయిల కోసం సటన్‌తో కలిసి గుమ్మానికి పూలు కూడా కట్టాను. అదీ రాయమన్నాను. రాశారు.

నాకు చదివి వినిపించారు. కొట్టివేతతో సహా ఇందులో ఉన్నదంతా నేను చెప్పిందే, జరిగిందే.

(సంతకం) మారెన్ టాలివర్
ఆగస్టు 20, ఉదయం 11.35, హార్లన్ ఫెర్రీ పోలీస్ స్టేషన్